నా నాట్యం తెలిసిన కుట్టు దుకాణం

(అనంతపురంలో కూచిపూడి విద్యార్థులు, వారి తల్లిదండ్రుల ఎదుట ఒక నాట్యాచార్యురాలు చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు, తోటి నాట్యాచార్యులకు, తల్లిదండ్రులకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

ఆహార్యం, అంటే నాట్యంలోని వేషధారణ గురించి నాలుగు మాటలు చెప్పమని నిర్వాహకులు నన్ను అడిగారు. ఆహార్యం అనగానే మన మాటలు నగల దగ్గర, జడ దగ్గర, ముఖానికి వేసుకునే రంగు దగ్గర ఆగిపోతాయి. బట్టను కత్తిరించి, కుట్టి, మన ఒంటికి అమర్చే మనిషి గురించి మాట్లాడుకోవడం మాత్రం చాలా అరుదు. అందుకే ఈ రోజు నేను ఒక మనిషి గురించి, ఆమె ఈ ఊళ్లో నడుపుతున్న చిన్న బొటిక్ గురించి, ఆ దుకాణానికీ నా నాట్యానికీ మధ్య ఏళ్ల తరబడి పెరుగుతూ వచ్చిన అనుబంధం గురించి చెప్పదలచుకున్నాను. నా నాట్యంలో ఆమె కత్తెరకు వాటా ఉంది. అది ఎక్కడెక్కడ ఉందో మీకు చూపించాలని నా కోరిక.

మనం అభ్యాసం మొదలుపెట్టే ముందు చదువుకునే ధ్యానశ్లోకం మీ అందరికీ కంఠస్థమే. పరమశివుడికి ఈ భువనమంతా ఆంగికమనీ, సకల వాఙ్మయం వాచికమనీ, చంద్రుడూ తారలూ ఆహార్యమనీ అందులో చెప్పుకుంటాం. ఒంటి కదలికలైన ఆంగికాన్ని గురువులు నేర్పుతారు. మాటా పాటా అయిన వాచికంలో గాయకులు తోడవుతారు. భావమైన సాత్త్వికం మన లోపలి నుంచి పుట్టాలి. ఆహార్యం కోసం మాత్రం మనం బజారుకు వెళ్లి, ఒక దుకాణం మెట్లెక్కి, ఒకరి ఎదుట నిలబడి కొలతలు ఇవ్వాలి. నాలుగు అభినయాల్లో ఒకదాన్ని ఇలా మరొకరి చేతిలో పెడుతున్నామన్న ఎరుక మనకు ఉంటే, ఆ చేతిని ఎంచుకునే పద్ధతే మారిపోతుంది.

నేను చెబుతున్న దుకాణం కమలానగర్ వైపు ఒక సందులో రెండు గదుల్లో నడుస్తోంది. ముందు గదిలో ఫాల్స్, పీకో చేసే మిషన్లు, గాజు బీరువాలో కొన్ని పట్టు చీరలు, రెడీమేడ్ కుర్తీలు ఉంటాయి. వెనక గదిలో కటింగ్ బల్ల, మగ్గం వర్కు చేసే చట్రం ఉంటాయి. దుకాణం నడిపే ఆవిడను నేను అక్కా అంటాను, ఆమె నన్ను టీచరమ్మా అంటారు. పెళ్లి జాకెట్లే ఆమెకు ప్రధానమైన జీవనాధారం. నాట్యం దుస్తులు కుట్టడం ఆమె ఎక్కడా శిక్షణ పొంది నేర్చుకోలేదు. మొదట్లో నేను ఆమె దగ్గరికి వెళ్లింది కుట్లు తెగిపోయిన ఒక ఫ్యాన్‌ను, అంటే నాట్యం దుస్తుల్లో ముందువైపు విసనకర్రలా విచ్చుకునే మడతల కుచ్చును, బాగుచేయించుకోవడానికే. ఆమె దాన్ని తిరగేసి, బోర్లేసి చూసి, ఇది ఏ కదలికకు తెగిందని అడిగారు. నేను నోటితో వివరించబోతుంటే, "చెబితే నాకు తెలియదు టీచరమ్మా, చేసి చూపించండి" అని మిషన్ ముందున్న స్టూలు పక్కకు జరిపారు. ఆ ఇరుకు జాగాలో నేను అరమండిలో, అంటే మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చునే భంగిమలో కూర్చుని, ఒక కాలు పక్కకు చాపి, తిరిగి లేచాను. ఆమె నా ముఖం వైపు చూడనేలేదు. ఆమె దృష్టి అంతా నా నడుము కిందుగా, బట్ట ఎక్కడ బిగుసుకుంటోందో అక్కడే ఉంది. కుట్టుపని చేసేవారిలో నాట్యాన్ని ఆ కోణంలో చూసిన మనిషి నాకు అంతకుముందు తారసపడలేదు.

ఆ చూపు వల్ల కొలతలు తీసే పద్ధతే మారిపోయింది. ఎవరైనా మనల్ని నిటారుగా నిలబెట్టి నడుము నుంచి చీలమండ దాకా టేపు పెడతారు. చీరకైనా, సల్వారుకైనా అది చాలు. అయితే మనం వేదిక మీద నిటారుగా ఉండేది తక్కువ. అరమండిలో మోకాళ్లు రెండు పక్కలకూ తెరుచుకుంటాయి, నడుము కిందికి దిగుతుంది, తొడల మధ్య బట్ట అడ్డంగా సాగుతుంది, అలా సాగిన మేరకు కాళ్ల దగ్గర పొడవు పైకి లాక్కుపోతుంది. నిలబడి ఇచ్చిన కొలతకు కుట్టిన పైజామా ఆ స్థితిలో పిక్కల మీదికి ఎక్కిపోవడమో, కుట్టు దగ్గర పుట్టుక్కున తెగిపోవడమో మీలో చాలామందికి అనుభవమే. అక్క కొలతలు రెండుసార్లు తీస్తారు, నిలబడినప్పుడు ఒకసారి, అరమండిలో ఒకసారి. ఆ రెండింటి తేడాను తన పుస్తకంలో ఒక్కో అమ్మాయి పేరు పక్కన విడిగా రాసుకుంటారు. మండి బాగా దిగే పిల్లకు తేడా ఎక్కువ, ఇంకా దిగని పిల్లకు తక్కువ. మా విద్యార్థినుల మండి ఏ ఏడాది ఎంత దిగిందో తెలుసుకోవాలంటే, నేను రాసుకునే పుస్తకం కంటే ఆమె కొలతల పుస్తకమే నమ్మకమైన లెక్క చెబుతుంది. తొడల మధ్య ఒక చదరపు ముక్కను క్రాస్‌లో కత్తిరించి అతకడం, ఆ అతుకుకు రెండు వరసల కుట్టు వేయడం ఆమె తనంతట తాను కనిపెట్టుకున్న ఉపాయాలు. వేరే ఊళ్లలో అనుభవజ్ఞులైన దర్జీలు కూడా ఇదే చేస్తారని నాకు తర్వాత తెలిసింది.

జాకెట్టు విషయంలో ఆమె ఇంకా పట్టుదల మనిషి. ఆది జాకెట్టు ఇచ్చి ఇలాగే కుట్టండి అంటే, చీర మీదికైతే ఆమె ఏమీ అనరు. నాట్యానికైతే మాత్రం ఆది తీసుకోరు. మనం చేతులు భుజాల ఎత్తున చాపి చాలాసేపు నిలుపుతాం. మామూలు జాకెట్టు ఆ స్థితిలో చంక దగ్గర పట్టేసి, కింది అంచు పైకి లేస్తుంది. ఆమె చేతులు చాపించి చంక కొలత తీసి, ఆ కోతను కాస్త పైకి జరిపి, లోపల మెత్తని నూలు లైనింగ్ వేస్తారు. మన జిల్లాలో వేసవి ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి. ఉగాది, శ్రీరామనవమి ప్రదర్శనలన్నీ ఆ వేడిలోనే. చెమటను పీల్చే నూలు లైనింగ్ లేకపోతే పట్టు మీద మరకలు తేలతాయి, జరీ నల్లబడుతుంది.

ఇక తరంగం. ఇత్తడి పళ్లెం అంచుల మీద పాదాలు పెట్టి, వేళ్లతో అంచును బిగించి పట్టుకుని, తాళానికి తగ్గట్టు పళ్లేన్ని కదిలిస్తూ ముందుకూ వెనక్కూ నడపడం మన సంప్రదాయానికే ప్రత్యేకమైన విద్య. ఆ సమయంలో నర్తకి కిందికి చూడదు, చూడకూడదు. పాదానికి ఏం తగులుతోందో పాదమే తెలుసుకోవాలి. అలాంటప్పుడు పైజామా అంచు ఒక్క వేలు పొడవు ఎక్కువైనా, అది బొటనవేలి కిందికి వచ్చి పళ్లేనికీ పాదానికీ మధ్య ఇరుక్కుంటుంది. పట్టు జారే గుణం ఉన్న బట్ట, ఇత్తడి నున్నని లోహం, ఆ రెండూ కలిస్తే పడిపోవడమే. అలాగని పొడవు మరీ తగ్గిస్తే గజ్జెల పట్టీకీ అంచుకీ మధ్య కాలు బోసిగా కనబడుతుంది. లలిత కళా పరిషత్తు వేదిక మీద మా రిహార్సల్ జరుగుతున్నప్పుడు అక్క ప్రేక్షకుల కుర్చీలు వదిలి, వేదిక మెట్ల మీద, పళ్లెం తన కంటికి సరిసమానంగా వచ్చే చోట కూర్చున్నారు. తరంగం పూర్తయ్యేదాకా కదలలేదు. ఆ తర్వాత గజ్జెలు విప్పనివ్వకుండానే వచ్చి, గజ్జెల పట్టీ పై అంచు ఎక్కడుందో సుద్దతో పైజామా మీద గీత గీశారు. అంచు ఆ గీతను తాకాలి గానీ దాటకూడదు అన్నారు. అప్పటి నుంచి మా విద్యార్థినులు ఆ దుకాణంలో తరంగం దుస్తుల కొలతలు గజ్జెలు కట్టుకునే ఇస్తున్నారు.

ఫ్యాన్ గురించి చెప్పకపోతే ఆమె పనితనం సగమే చెప్పినట్టు. అరమండిలో మోకాళ్లు తెరుచుకునే కొద్దీ విచ్చుకుని, లేచినప్పుడు మళ్లీ మూసుకునే ఆ కుచ్చు మన దుస్తులకు ప్రాణం. కొందరు లోపల మందమైన కాన్వాస్ వేసి మడతలను బిరుసుగా నిలబెడతారు. అది ఫోటోలో బాగుంటుంది. నృత్యంలో మాత్రం చెక్కలా కదులుతుంది, అడుగడుగునా చప్పుడు చేస్తుంది. అక్క పలుచని నూలు లైనింగ్ మాత్రమే వేసి, మడతలను చేత్తో సరిచేసి, ఒక్కో మడత మీద తడిగుడ్డ పరచి ఇస్త్రీ చేస్తారు. చీర అంచు ప్రతి మడత చివరన ఒకే గీతలో పడాలి. చిన్నపిల్లలకు మడతల వెడల్పు తగ్గించి, సంఖ్య పెంచుతారు. లేకపోతే ఆ చిన్న ఒంటి మీద ఫ్యాన్ రెండు మూడు ముక్కలుగా విడిపోయినట్టు కనబడుతుందని ఆమె గమనించారు. ప్రదర్శన అయ్యాక ఫ్యాన్‌ను మడతల వెంబడే మూసి, మెత్తని గుడ్డ పేలికతో కట్టి ఉంచాలని ఆమె ప్రతి తల్లికీ చెబుతారు. ఆ మాట పాటించిన ఇళ్లలో ఒకే ఫ్యాన్ అక్కాచెల్లెళ్లిద్దరికీ పనికొచ్చింది.

ఇలాంటి సాంగత్యం నాట్యచరిత్రలో కొత్తది కాదు. పాతతరం వారు ఎక్కువగా చీరనే ఒంటికి అమర్చి కట్టుకునేవారు. ఇప్పుడు మనం వేసుకుంటున్న తీరులో కుట్టిన దుస్తులు ఇరవయ్యో శతాబ్దంలో వచ్చినవి. 1935 డిసెంబరులో అడయారులో దివ్యజ్ఞాన సమాజం వజ్రోత్సవాల్లో రుక్మిణీదేవి అరండేల్ భరతనాట్యం ప్రదర్శించారు. ఆమె తన ఆలోచనలోని దుస్తులకు రూపం ఇవ్వడానికి మేడమ్ కజాన్ అనే ఇటలీ దేశపు దర్జీ సాయం తీసుకున్నారు. 1936లో కళాక్షేత్రను స్థాపించి, మరుసటి ఏడాదే అక్కడ నేత విభాగాన్నీ ప్రారంభించారు. ఒక నర్తకి నాట్యశాల తెరిచిన వెంటనే మగ్గాలు పెట్టించిందంటే, కావలసిన బట్ట, కావలసిన కుట్టు తన కళకు ఎంత దగ్గరగా ఉండాలని ఆమె భావించిందో ఊహించండి.

మనకైతే మగ్గం పెట్టించుకునే అవసరం కూడా లేదు. ధర్మవరం పక్కనే ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక అది శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లినా, మనకు ఎప్పుడూ పక్క ఊరే. వెడల్పాటి జరీ అంచులకూ, అంచుకూ ఒంటికీ రంగు మార్చే నేతకూ, కలనేత రంగులకూ ఆ ఊరు పేరుపొందింది. ధర్మవరం పట్టుచీరలకూ పావడాలకూ భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. రంగప్రవేశం, అంటే విద్యార్థిని తొలి పూర్తి ప్రదర్శన లాంటి పెద్ద సందర్భం వస్తే నేనూ అక్కా కలిసి ధర్మవరం వెళతాం. మామూలుగా చీర కొనేవారు ముందు కొంగు విప్పించి చూస్తారు. అక్క అంచు చూస్తారు. ఒక పక్క పెద్దంచు, మరో పక్క చిన్నంచు ఉన్న చీర కట్టుకోవడానికి అందంగా ఉంటుంది గానీ నాట్యానికి కోసేటప్పుడు ఫ్యాన్‌కు అందిన అంచు పైజామాకు అందదు. అందుకే రెండు పక్కలా ఒకే వెడల్పు అంచు కావాలని ఆమె అడుగుతారు. ఒళ్లంతా జరీ బుటాలు నిండిన చీరను దూరం నుంచే వద్దంటారు. ఆ బరువు మోస్తూ గంటన్నర ఆడాలంటే పిల్లల వల్ల కాదు. అనుమానం వచ్చినచోట చీర చివరి పోగు ఒకటి తీసి కాల్చి చూస్తారు; అసలైన పట్టు అయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, వేళ్ల మధ్య నలిపితే పొడి అవుతుంది. కరిగి గట్టి ఉండలా మిగిలితే అది కృత్రిమ దారం.

కలనేత గురించి ఒక్క మాట. పడుగు అనే నిలువు పోగు ఒక రంగు, పేక అనే అడ్డ పోగు ఒక రంగు అయినప్పుడు బట్ట వెలుగు పడే దిక్కును బట్టి రంగు మారుతుంది. ఎరుపు, ఆకుపచ్చ కలిసిన కలనేత చీరతో అక్క మా పెద్ద విద్యార్థిని ఒకరికి దుస్తులు కుట్టారు. ముక్కలన్నిటినీ ఒకే దిక్కున పరచి కత్తిరించకపోతే ఫ్యాన్ ఒక రంగుగా, పమిట మరో రంగుగా కనబడుతుందని ఆమె ముందే గ్రహించి, బట్ట కాస్త వృథా అవుతున్నా సరే, అన్ని ముక్కలనూ పడుగు ఒకే వైపుకు వచ్చేలా కోశారు. వేదిక మీద ఆ అమ్మాయి మండిలో దిగినప్పుడు మడతల లోపలి ముఖాలు ఆకుపచ్చగా తెరుచుకున్నాయి, లేవగానే ఎరుపులోకి మూసుకున్నాయి. నేను కూర్చిన జతుల్లో, అంటే లయకు తగ్గ అడుగుల వరసల్లో, అలాంటి కల్పన లేదు. అది నేతగాడూ, కుట్టిన మనిషీ కలిసి ఆ నాట్యానికి చేర్చిన అందం.

మన ప్రాంతంలో బట్ట మీద కళాకారుల చూపు చాలా పాతది. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు చిత్రాల్లోని స్త్రీల చీరలను చూడండి. పదహారో శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో ఆ గుడి కట్టినప్పటి చిత్రకారులు ఒక్కొక్కరి చీరకూ వేరువేరు అంచు, వేరువేరు చుక్క, వేరువేరు గడి గీశారు. పురుషుల తలల మీద కుళ్ళాయిలు అనే పొడుగాటి టోపీలు ఉన్నాయి. అంతకు ఒక శతాబ్దం ముందు విజయనగర ఆస్థానానికి వెళ్లిన శ్రీనాథుడు కన్నడ రాజ్యలక్ష్మికి మొరపెట్టుకుంటూ, కుళ్ళాయి పెట్టాననీ, కోక చుట్టాననీ, పెద్ద కూర్పాసం, అంటే అంగీ తొడిగాననీ చాటువులో చెప్పుకున్నాడు. తనది కాని దుస్తుల్లో ఒక మహాకవి పడిన ఇబ్బంది ఆ మాటల్లో నాకు వినబడుతుంది. మన ఒంటికీ, మన కళకూ కుదరని బట్టలో నిలబడి ఆడిన వారెవరికైనా ఆ పద్యం అర్థమవుతుంది.

అలా కుదరని బట్ట మాకూ ఒకసారి తగిలింది. ఒక బృంద ప్రదర్శన కోసం, అందరికీ ఒకే రంగు దొరుకుతుందని, దూరంగా ఉన్న ఒక సంస్థ నుంచి రెడీమేడ్ దుస్తులు తెప్పించారు నిర్వాహకులు. పెట్టెలు తెరిచినప్పుడు మెరుపు చూసి పిల్లలు సంతోషించారు. రిహార్సల్‌లోనే సగంమంది నడుము పట్టీల హుక్కులు ఊడిపోయాయి. చిన్న, మధ్య, పెద్ద అనే మూడు సైజుల్లో మా పిల్లలెవరూ ఇమడలేదు. ఆ రాత్రి అక్క తన పెళ్లి జాకెట్ల పని పక్కనపెట్టి, హుక్కులన్నీ తీసేసి బొందులు కుట్టిచ్చారు. ఆ దుస్తులు తెప్పించిన వారిని నేను తప్పుపట్టడం లేదు. బృందాలకు సమయం, డబ్బు రెండూ తక్కువే. అయితే నాట్యం దుస్తుల్లో సైజు అనేది మూడు అక్షరాలతో తేలేది కాదు. మండి ఎంత దిగుతుందో, చేయి ఎంత చాచుతుందో, ఏ అంశం ఆడబోతోందో తెలిసిన మనిషి మన ఊళ్లోనే ఉన్నప్పుడు, ఆ మనిషి దగ్గరికి నెల ముందే వెళ్లడం మేలని నా అభిప్రాయం.

తల్లిదండ్రులకు ప్రత్యేకంగా ఒక సంగతి చెప్పాలి. పట్టు దుస్తులు అందరికీ అందుబాటులో ఉండవని నాకు తెలుసు. అక్క దుకాణం వెనక గదిలో, పైఅరలో, పొట్టిబడిపోయిన పాత నాట్యం దుస్తులు తెల్లని నూలు గుడ్డల్లో చుట్టి ఉంటాయి. ఎదిగిపోయిన పిల్లల తల్లులు వాటిని ఆమెకు అప్పగిస్తారు. కొత్తగా చేరిన, ఖర్చు భరించలేని పిల్లలకు వాటినే సరిచేసి ఇస్తారు. ఇది సాధ్యం కావడానికి కారణం, ఆమె మొదటిసారి కుట్టేటప్పుడే అతుకుల లోపల వెడల్పుగా మడత వదలడం. అదే ఆమె ముందుచూపు. సరిచేయడానికి కూలి తీసుకుంటారు, బట్టకు తీసుకోరు. ఈ ఏర్పాటు గురించి ఎక్కడా బోర్డు లేదు, నేను చెప్పేదాకా మీలో చాలామందికి తెలియదు కూడా.

ఇంత చెప్పాక, మనం తిరిగి ఆమెకు ఇస్తున్నదేమిటని అడగక తప్పదు. టెంపుల్ జ్యువెలరీ సెట్టు కొనేటప్పుడు చెప్పిన ధరకు తలూపే మనమే, కుట్టుకూలి దగ్గర వంద తగ్గించమని బేరం చేస్తాం. ప్రదర్శన రేపనగా బట్ట తెచ్చి పడేస్తాం. ఆహ్వానపత్రంలో మృదంగం, వయొలిన్, నట్టువాంగం, గాత్రం, లైటింగ్, మేకప్ అన్నీ అచ్చవుతాయి. దుస్తులు కుట్టినవారి పేరు ఉండదు. 1885లో మన పక్క జిల్లా కడపలోని సురభిలో పుట్టిన నాటక సంప్రదాయాన్ని గుర్తుచేసుకోండి. ఆ కుటుంబాల్లో వేషం కట్టిన వారే తెరలకు రంగులు వేసేవారు, దుస్తులు సమకూర్చుకునేవారు. నటుడూ, తెర వెనక పనివాడూ అనే గీత వారి మధ్య లేదు. పని పంచుకున్నాక కూడా ఆ గీత గీయవలసిన అవసరం లేదని నేను అనుకుంటున్నాను. మా నాట్యాలయం ఆహ్వానపత్రాల్లో ఇక నుంచి ఆహార్యం అన్న పదం పక్కన అక్క పేరు అచ్చవుతుంది. ఈ సభలో ఉన్న ఇతర గురువులు కూడా వారివారి దర్జీల పేర్లు వేస్తే, కనీసం రిహార్సల్‌కు ఒకసారి పిలిచి ముందు వరసలో కూర్చోబెడితే, మీ పిల్లల దుస్తుల్లో తేడా మీకే తెలుస్తుంది.

అక్క ఈ రోజు ఇక్కడే ఉన్నారు. మైకు ముందు మాట్లాడమంటే ఒప్పుకోలేదు గానీ, ఫ్యాన్ మడతలు పెట్టడం, జరీ మీది చెమటను తడి లేకుండా అద్ది నీడన ఆరబెట్టడం చూపించడానికి ఒప్పుకున్నారు. పక్క గదిలో బల్ల, ఇస్త్రీపెట్టె సిద్ధంగా ఉన్నాయి. దుస్తులు వెంట తెచ్చుకున్న పిల్లలు వాటిని తీసుకుని రండి. వచ్చే నెల రంగప్రవేశం ఉన్నవారు గజ్జెలు కూడా తెచ్చుకోండి, మీ కొలతలు ఆమె ఇప్పుడే తీసుకుంటారు.